టెక్ సందేహాలు: స్వర్ణముఖి తీరానికి యాప్ కావాలా?

ప్రశ్న: మాది చంద్రగిరి దగ్గర తొండవాడ. తిరుమలకు వచ్చేవారు మా ముక్కోటి గుడిని చూడకుండానే వెళ్లిపోతున్నారు. స్వర్ణముఖి ఒడ్డునున్న ఆలయాలతో ఒక యాప్ చేయించాలని యువకులమంతా చందాలు వేసుకున్నాం. ఎలాంటిది మంచిది?

జవాబు: ఎలాంటిదీ వద్దు. చందా డబ్బు దాచుకోండి. కొండ దిగి, రైలుకు రెండు గంటలు వ్యవధి ఉన్న యాత్రికుడు కొత్త యాప్ దించుకుంటాడా? ఫోనులో ఉన్న గూగుల్ మ్యాప్స్‌లోనే చుట్టుపక్కల ఏమున్నాయో వెతుకుతాడు. మీ గుడి కనిపించాల్సింది అక్కడే.

ముందు మ్యాప్‌లో గుర్తు సరైన చోట ఉందో లేదో చూడండి. వాహనం పొలం గట్టు మీద ఆగిపోతే మళ్లీ ఎవరూ రారు! తప్పుంటే సవరణ పంపండి. మీ ముక్కోటి గుడికి ‘అగస్త్యేశ్వరాలయం’ అని తెలుగులోనూ పేరు చేర్చండి. తెరిచే వేళలు పూజారిని అడిగి రాయండి. మూసిన తలుపులు చూసి వెనుదిరిగినవారు ఇచ్చే రేటింగు ఎలా ఉంటుందో తెలుసుగా. స్వర్ణముఖి, భీమా, కల్యాణి కలిసే చోటును ఫొటో తీసి పెట్టండి. నది ఎండినా, పారినా ఉన్నదున్నట్టే చూపండి.

ఫొటోలను వాట్సాప్‌లో మామూలుగా పంపుకోకండి. నాణ్యత తగ్గడమే కాదు, ఎక్కడ తీశారన్న సమాచారమూ చెరిగిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపితే రెండూ మిగులుతాయి. మంచివి వికీమీడియా కామన్స్ అనే ఉచిత ఫొటోల భాండాగారంలోకి ఎక్కిస్తే వికీపీడియా వ్యాసాల్లోనూ వాడుకోవచ్చు. ఇదే పద్ధతిలో గుడిమల్లం దాకా వెళ్లండి. క్రీస్తుపూర్వపుదని చరిత్రకారులు చెప్పే అక్కడి శివలింగం గురించి తిరుపతిలో దిగినవారిలో ఎందరికి తెలుసు? గర్భగుడిలో మాత్రం కెమెరా తీయకండి.

ప్రశ్న: శ్రీకాళహస్తిలో కలంకారీ పని చేస్తాను. వస్త్రాలకు కట్టే చీటీల మీద ఉచితంగా వచ్చిన క్యూఆర్ కోడ్ అచ్చువేయించాను. నెల తిరగకుండానే డబ్బు కట్టమంటోంది.

జవాబు: మీకు దొరికింది ‘డైనమిక్’ కోడ్. అది ముందు ఆ కోడ్ ఇచ్చిన సంస్థ సర్వర్‌కు వెళ్లి, అక్కడి నుంచి మీ పేజీకి చేరుతుంది. వారు తలుపు మూస్తే అంతే. ‘స్టాటిక్’ కోడ్‌లో మీ చిరునామా నేరుగా ఉంటుంది, దానికి గడువు లేదు. పేజీ చిరునామా మాత్రం మార్చకండి. డబ్బు కట్టకుండా పాత కోడ్‌ను కాపాడే దారి లేదు, కొత్తది వేయించాల్సిందే.

ఇక ఆ కోడ్ వెనుక ధరల పట్టిక ఒక్కటే పెట్టి వదిలేయకండి. కరక్కాయ, పాలలో గుడ్డ నానడం, ఇనుము–బెల్లం ఊరవేసిన ‘కసిమి’ అనే నల్ల రంగుతో వెదురు కలం గీత గీయడం, పారే నీటిలో ఉతకడం చిన్న వీడియోగా తీసి పెట్టండి. అచ్చు వేసిన గుడ్డకూ మీ గుడ్డకూ ధరలో తేడా ఎందుకని బేరమాడేవారికి అది చూపించండి.