సమాధానం: తమ్ముడి బరువు, మతిమరుపు, టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్

బరంపురంలో బ్యాంకు పరీక్షలకు చదువుతున్న మీ తమ్ముడు 170 సెంటీమీటర్ల ఎత్తుకు 96 కిలోలు ఉన్నాడనీ, చదివింది నిలవడం లేదనీ, టెస్టోస్టెరాన్ అనే పురుష హార్మోను పరీక్షలో తక్కువగా వచ్చినందున జిమ్ములో ఎవరో ఇంజెక్షన్ వేయించుకోమన్నారనీ రాశారు. దయచేసి ఆ ఇంజెక్షన్ జోలికి పోనివ్వకండి. అది మెదడు నుంచి వృషణాలకు అందే సంకేతాలను అణచివేసి వీర్యకణాల ఉత్పత్తిని తగ్గిస్తుంది; చదువుకు దానివల్ల ఒరిగేది లేదు.

హార్మోను తగ్గడం బరువు తెచ్చిన ఫలితమే కావచ్చు. కొవ్వులోని అరోమాటేజ్ అనే ఎంజైము టెస్టోస్టెరాన్‌ను ఈస్ట్రడయోల్ అనే స్త్రీ హార్మోనుగా మారుస్తుంది. ఇన్సులిన్ ఎక్కువైనప్పుడు టెస్టోస్టెరాన్‌ను రక్తంలో మోసే ప్రోటీను తగ్గి, దాని మొత్తం లెక్క కూడా తక్కువగా కనిపిస్తుంది. పైగా మీ రిపోర్టులో రక్తం తీసిన సమయం సాయంత్రం 5:40 అని ఉంది. ఈ పరీక్షను ఉదయం 10 లోపు, పరగడుపున, రెండు వేర్వేరు రోజుల్లో చేయించాలి.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మీరు చివర్లో యథాలాపంగా రాసిన గురక, పుస్తకం ముందు కునుకు. నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే జబ్బు ఉంటే ఏకాగ్రత, జ్ఞాపకం రెండూ దెబ్బతింటాయి. కాబట్టి ముందు నిద్ర పరీక్ష, దానితోపాటు థైరాయిడ్, బి12, చక్కెర చూపించండి. మీవాడు తినే పఖాళం (నీళ్లలో నానబెట్టిన అన్నం) మీద నాకేమీ కోపం లేదు, మా పర్లాకిమిడిలోనూ తింటాం; రాత్రి పదకొండింటికి రెండోసారి గిన్నె నింపుకోవడం మాత్రం ఈ వారమే మాన్పించండి.