వాన పొద్దున కారు కీచుమంటే
ప్రశ్న: మా పెట్రోల్ కారు 70 వేల కిలోమీటర్లు తిరిగింది. వాన పడ్డ మర్నాడు స్టార్ట్ చేస్తే కీచుమంటోంది, ఏసీ వేస్తే ఇంకా ఎక్కువ. మెకానిక్ ఇంజిన్ విప్పాలంటున్నాడు.
– ఒక పాఠకుడు, మెహిదీపట్నం

జవాబు: అప్పుడే విప్పనివ్వకండి. ఏసీతో పెరుగుతోందంటే మొదటి అనుమానం ఫ్యాన్ బెల్టు (ఇంజిన్ తిరిగే బలంతో ఏసీనీ, బ్యాటరీ చార్జింగునూ నడిపే పట్టీ) మీదే. ఏసీ కంప్రెసర్ భారం పడగానే అది జారుతోంది. న్యూట్రల్‌లో హ్యాండ్ బ్రేక్ వేసి, ఇంజిన్ నడుస్తుండగా బెల్టు గాళ్ళున్న వైపు స్ప్రే సీసాతో కాసిని నీళ్ళు చిలకరించండి (చున్నీ, వదులు చొక్కా చేతులు దరిదాపుల్లో వద్దు). చప్పుడు పెరిగితే బెల్టు వదులైనట్టో, అరిగినట్టో. క్షణం ఆగి మళ్ళీ మొదలైతే పుల్లీలు (బెల్టు తిరిగే చక్రాలు) ఒకే వరుసలో లేనట్టు. కొత్త బెల్టు వేసినా కీచు తిరిగొస్తుంది. కీచు కాక గరగరమంటుంటే, ఇంజిన్ చల్లారాక బెల్టు తీయించి పుల్లీలను ఒక్కొక్కటే చేత్తో తిప్పించండి. గరుకు తగిలినదాని బేరింగ్ పోయినట్టే. సబ్బు రుద్దే చిట్కా మాత్రం వద్దు. దారిలో బ్యాటరీ లైటు వెలిగితే బెల్టు తెగి ఉండొచ్చు, బండి పక్కకు తీసి ఆపేయండి.