పైనుంచి వేలాడే అంతస్తులకు రెండు గంటల ఫైర్ పెయింట్ ఒక్కటే చాలుతుందా?

విజయవాడలో షోరూమ్ ముందు స్తంభాలు అడ్డం రాకూడదని మూడు ఫ్లోర్లనీ పై ట్రస్ (స్టీల్ కడ్డీలతో అల్లిన పెద్ద దూలం) నుంచి హ్యాంగర్లతో (ఫ్లోర్లను పైనుంచి పట్టుకునే స్టీల్ ముక్కలు) వేలాడదీస్తున్నాం, మొత్తం స్టీల్‌కి ఒకే రెండు గంటల పెయింట్ (మంటల్లో స్టీల్‌ని రెండు గంటలు కాపాడేది) కొట్టిస్తే సరిపోదా అని అడిగారు. సరిపోదండీ. గుంటూరులో దాదాపు ఇలాంటి బిల్డింగ్‌లోనే నేను తప్పులో కాలేశాను.

పెయింట్ మందం చార్టు ఇచ్చినవాళ్ళు స్టీల్ 550 డిగ్రీల దాకా ఆగుతుందని లెక్క కట్టారు. స్టీల్ కట్టడాల భారతీయ ప్రమాణం ఐఎస్ 800:2007 ప్రకారం ఆ హద్దు 905 లోంచి ఒక నిష్పత్తికి 690 రెట్లు తీసేస్తే వస్తుంది. మంటల్లో ఆ మెంబరు మోసే బరువుకీ, మామూలు వేడిలో అది మోయగలిగే బరువుకీ ఉన్న నిష్పత్తి అది. 0.5 అయితే 560, బాగానే ఉంది. ఆర్కిటెక్ట్ సన్నగా కనబడాలన్నాడని మేం హ్యాంగర్లను పుల్లల్లా చేసేశాం, వాటికి 0.7 వచ్చింది, అంటే 422 డిగ్రీలకే హద్దు. పెయింట్ రెండు గంటలదే గానీ హ్యాంగర్ అంతసేపు ఉండదు. మా డిజైన్‌ని సరిచూసే ప్రూఫ్ చెకింగ్‌లో ఒకాయన అడిగేదాకా నాకు తట్టనేలేదు, ఆ రాత్రంతా టెన్షనే.

మామూలు ఫ్రేములో ఒక బీమ్ కుంగితే స్లాబ్ వలలా సాగి పక్కవాటికి బరువు పంచుతుంది. 1990ల్లో బ్రిటన్‌లోని కార్డింగ్‌టన్‌లో ఎనిమిదంతస్తుల ఫ్రేముకి నిప్పు పెట్టి చూస్తే పెయింట్ లేని బీములు బాగా వంగాయి గానీ ఫ్లోరు కూలలేదు. కొందరు దాన్ని చూపించి పెయింట్ ఖర్చు మిగుల్చుకుందామంటారు, కానీ అక్కడ స్తంభాలకు రక్షణ ఉంది, నిలబడ్డాయి. మీకు ఆ స్తంభాల పని చేసేవి హ్యాంగర్లే. పైగా ఇక్కడ అంతా తలకిందులు: కింద హ్యాంగర్ ముక్క ఒక్క ఫ్లోరునే మోస్తుంది, పైది మూడింటినీ మోస్తుంది. మా ఓనరు సరిగ్గా ఆ పైఫ్లోర్లోనే క్యాంటీన్, గ్యాస్ సిలిండర్లు పెడదామనుకున్నాడు!

చివరికి హ్యాంగర్ ప్లేట్లు మందం చేశాం. నిష్పత్తి 0.45కి దిగింది, హద్దు 595 దగ్గరికి వెళ్ళింది, మందమైన స్టీల్ నెమ్మదిగా వేడెక్కుతుంది కాబట్టి పెయింటూ తగ్గింది. టన్నేజీ పెరిగిందని ఓనరు గొణిగాడు. పిన్ జాయింట్లకు, ట్రస్ గసెట్లకు (కడ్డీలను కలిపే ప్లేట్లు) మంటను ఆపే బోర్డు పెట్టెలు కట్టించాం.

ఇంకోటి, 12 మీటర్ల బీమ్ 500 డిగ్రీలు వేడెక్కితే, అడ్డం లేకపోతే 72 మిల్లీమీటర్లు సాగుతుంది, హ్యాంగర్‌ని పక్కకు నెడుతుంది. జాయింట్ దాన్ని తట్టుకుంటుందో లేదో మీ కన్సల్టెంట్‌ని అడగండి, ప్రతి హ్యాంగర్ నిష్పత్తీ విడిగా రాయించుకోండి. టెండర్లో "రెండు గంటల పెయింట్" అని ఒక్క లైను పెడితే వాళ్ళు 550 చార్టే తీస్తారు, అందులో వాళ్ళ తప్పేం లేదు.