టైమౌట్ వచ్చాక ఒకే బిల్లుకు రెండుసార్లు చెల్లింపు: ఇలా ఆపండి

సరుకు సరఫరా చేసేవాళ్ల బిల్లులు కట్టే వర్క్‌ఫ్లోలో పేమెంట్ గేట్‌వే (చెల్లింపును బ్యాంకుకు చేర్చే సేవ) టైమౌట్ ఇచ్చిందని, రీట్రై (మళ్లీ పంపే ప్రయత్నం) నడిచి ఒకే బిల్లుకు రెండుసార్లు డబ్బు వెళ్లిందని మీరు రాశారు. ముందు ఆ ఆటోమేటిక్ రీట్రైని ఆపేయండి.

టైమౌట్ అంటే చెల్లింపు ఫెయిలైందని కాదు, జవాబు మనకు చేరలేదని మాత్రమే. అవతల డబ్బు వెళ్లిపోయి ఉండొచ్చు. అందుకే బిల్లుకు ఒక ఐడెంపోటెన్సీ కీ (ఇది పాత రిక్వెస్టే మళ్లీ వచ్చిందని గేట్‌వే గుర్తుపట్టేలా చేసే ప్రత్యేక కోడ్) తయారుచేసి, గేట్‌వేను పిలవకముందే డేటాబేస్‌లో సేవ్ చేయండి. రీట్రైలోనూ అదే కీ వెళ్లాలి. ప్రతి ప్రయత్నానికీ కొత్త కీ పుట్టిస్తే అది ఉన్నా లేనట్టే. మీ గేట్‌వేలో ఆ సౌకర్యం లేకపోతే, మళ్లీ పంపేముందు రిఫరెన్స్ నంబరుతో స్టేటస్ అడగండి. 'పెండింగ్' అని వస్తే ఆగాల్సిందే, ఎంత టెన్షన్‌గా ఉన్నా సరే.

గేట్‌వే నుంచి 429 (రిక్వెస్టులు మరీ ఎక్కువయ్యాయి), 503 (సర్వీసు ప్రస్తుతం అందుబాటులో లేదు) ఎర్రర్ కోడ్‌లు వస్తే 2, 4, 8 సెకన్లు ఇలా విరామం పెంచుతూ ప్రయత్నించొచ్చు. ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ తప్పై 400 (రిక్వెస్టులోనే తప్పుంది) వస్తే మాత్రం ఎన్నిసార్లు పంపినా అదే జవాబు. దాన్ని డెడ్ లెటర్ క్యూలో (ఫెయిలైనవాటిని తర్వాత చూసేందుకు పక్కన పెట్టే వరుస) వేసి, బిల్లు నంబరుతో అకౌంట్స్ వాళ్లకు అలర్ట్ పంపండి. మిగతా బిల్లులు దానికోసం ఆగకూడదు.

ఇప్పటికే రెండుసార్లు వెళ్లినవాటికి పాత ఎంట్రీ చెరపకండి, రిఫండ్ వచ్చాక రివర్సల్ ఎంట్రీ (పాతదాన్ని రద్దు చేసే ఎదురు ఎంట్రీ) వేయండి.