ప్లాట్ ఈఎంఐ కట్టాలా, ఇంకో ఎనిమిదేళ్లు ఆడాలా?

ప్రశ్న: నేను 24 ఏళ్ల అమ్మాయిని. మాది గుంటూరు దగ్గర పల్లె. బాస్కెట్‌బాల్ ఆడి, స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగం తెచ్చుకున్నాను. చేరి ఇది మూడో ఏడు. సికింద్రాబాద్‌లో ఇద్దరు ప్లేయర్లతో కలిసి అద్దెకు ఉంటున్నాను. బేసిక్ 23,100. కటింగులు పోను చేతికి సుమారు 44 వేలు వస్తుంది. ఇంటికి 15 వేలు పంపుతాను. ఆహ్వాన టోర్నమెంట్లలో ఏడాదికి 50, 60 వేలు వస్తాయి. అమరావతి వైపు ప్లాట్ కొందామని, అందుకు నా పేరు మీద 8 లక్షల పర్సనల్ లోన్ తీసుకోమని నాన్న అంటున్నారు. ట్యాక్స్ మిగులుతుందని మా బాబాయి ఏడాదికి 60 వేల ప్రీమియంతో ఒక పాలసీ కట్టించాడు, పోయిన వారమే బాండు వచ్చింది. ఇంకొకతను విదేశీ క్లబ్‌లో ఛాన్స్ ఇప్పిస్తాను, ముందు లక్షన్నర కట్టమంటున్నాడు. మహా అయితే ఇంకో ఏడెనిమిదేళ్లు ఆడతానేమో. ఆ తర్వాత నా సంగతేంటన్నదే టెన్షన్.

జవాబు: మీ ఉత్తరంలో నాలుగు విషయాలున్నాయి కానీ, మిగతా మూడూ చివరి వాక్యంలోని భయం నుంచే పుట్టాయి. ఆట ఎన్నాళ్లో ఉండదు కాబట్టి ఉన్నప్పుడే ఏదో ఒకటి కొని పడేయాలి, ఏదో ఒకటి కట్టేయాలి అని ఇంటిల్లిపాదీ తొందరపడుతున్నారు. ఆ భయం అమెరికా ప్లేయర్‌కు సరిగ్గా సరిపోతుంది. మీకు సరిపోదు.

అమెరికా మహిళల బాస్కెట్‌బాల్ లీగ్ డబ్ల్యూఎన్‌బీఏ సంగతే చూడండి. 2024లో కొత్త ప్లేయర్లను జట్లు ఎంచుకునే డ్రాఫ్ట్‌లో కెయిట్లిన్ క్లార్క్ మొట్టమొదటి ఎంపిక. ఆ ఏడు లీగ్ నుంచి ఆమె జీతం 76,535 డాలర్లు. యాడ్స్ నుంచి వచ్చింది వేరే లెక్క. 2015లో డయానా టౌరాసి ఏకంగా అమెరికా సీజన్ మానేసింది. చలికాలంలో తను ఆడే రష్యా క్లబ్, వేసవిలో విశ్రాంతి తీసుకోమని ఆమెకు డబ్బిచ్చింది, అదీ అమెరికా జీతం కంటే ఎక్కువ. ఇప్పుడు అక్కడ జీతాలు పెరుగుతున్నాయి, మంచిదే. కానీ ఎంత పెద్ద ప్లేయరైనా ఆట ఆపిన రోజే జీతం ఆగుతుంది. అక్కడి ఫైనాన్షియల్ ప్లానర్ పనల్లా పదేళ్ల సంపాదనను యాభై ఏళ్లకు సర్దడం.

మన దగ్గర మహిళలకు ఏడాది పొడుగునా జీతమిచ్చే క్లబ్ వ్యవస్థ లేదు. రైల్వే, కేరళ విద్యుత్ బోర్డు లాంటి సంస్థలే మన క్లబ్బులు. జీతం చిన్నదే, కానీ మీ కాంట్రాక్టు 60 ఏళ్ల వయసు దాకా ఉంది. మీరు 32కి ఆట ఆపినా ఇంకా 28 ఏళ్ల సర్వీసు మిగులుతుంది. కాబట్టి మీ ప్రశ్న 'ఆట ఆగాక ఏం తినాలి' కాదు. 'ఆడే ఈ ఎనిమిదేళ్లను వాడుకుని ఆ 28 ఏళ్ల ఉద్యోగాన్ని ఎంత పైకి తీసుకెళ్లాలి' అన్నది. మీ ఇంట్లో ఎవరూ ఇంతవరకు అలా లెక్క వేసినట్టు లేదు.

ముందు పే స్లిప్ తీసి పెట్టుకోండి. 23,100 బేసిక్ మీద 58 శాతం డీఏ (2025 జులై నాటి రేటు) కలిపితే దాదాపు 36,500. జాతీయ పెన్షన్ పథకం ఎన్‌పీఎస్‌లో ఉంటే ఇందులో 10 శాతం మీది, 14 శాతం ప్రభుత్వానిది. అంటే నెలకు సుమారు 8,760 రూపాయలు మీ రిటైర్మెంట్ ఖాతాలో పడుతున్నాయి. 'నేనేమీ దాచడం లేదు' అని మీరు అనుకుంటుంటే ఈ అంకె ఇంకోసారి చదవండి. ఒకవేళ 2025 ఏప్రిల్‌లో మొదలైన ఏకీకృత పెన్షన్ పథకం యూపీఎస్‌కు మారి ఉంటే ప్రభుత్వ వాటా లెక్క వేరు, 25 ఏళ్ల సర్వీసుకు చివరి 12 నెలల సగటు బేసిక్‌లో సగం పెన్షన్. ఏ పథకంలో ఉన్నారో ఆఫీసులో అడిగి తెలుసుకోండి. మీ వయసు ఉద్యోగుల్లో చాలామందికి ఇది తెలియదు, మీ ఒక్కరి తప్పు కాదు.

ఇక ప్లాట్. 8 లక్షల పర్సనల్ లోన్‌ను 12 శాతం వడ్డీకి అయిదేళ్లలో తీర్చాలంటే నెలకు 17,800 దాకా కట్టాలి. మొత్తం కట్టేది 10 లక్షల 68 వేలు. మీ 44 వేలలోంచి ఈఎంఐ, ఇంటికి పంపే 15 వేలు తీసేస్తే 11,200 మిగులుతుంది. అద్దెకు, తిండికి అది సరిపోతుందేమో గానీ, ఆటకు రూపాయి ఉండదు. బూట్లు, ఫిజియో, గుడ్లు, పాలు, ప్రొటీన్ పౌడర్‌కు నెలకు ఆరేడు వేలు అవుతాయని మీ తోటి ప్లేయర్లనే అడగండి, చెబుతారు. ఇంట్లోవాళ్లకు ఇది షోకులా కనిపిస్తుంది. నా దృష్టిలో ఇది మీ వృత్తి ఖర్చు, ఆటో డ్రైవర్‌కు గ్యాస్ ఖర్చులాగా. అరిగిన బూట్లతో ఆడి మోకాలు పోగొట్టుకుంటే ఆ నష్టాన్ని ప్లాట్ పూడ్చదు.

అన్నిటికంటే నాకు అనుమానం కలిగించిన మాట 'పర్సనల్ లోన్'. సరైన అనుమతులున్న లేఅవుట్ అయితే బ్యాంకులు ప్లాట్ లోన్ ఇస్తాయి, వడ్డీ కూడా తక్కువ. మరి మీ నాన్నగారు పర్సనల్ లోన్ అంటున్నారంటే బ్యాంకు వద్దందా, లేక అసలు అడగలేదా? సీఆర్‌డీఏ (రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ) అనుమతి, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు, లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల పత్రాలు), ఈసీ (ఆ స్థలం మీద జరిగిన లావాదేవీలు చూపే పత్రం) చూపించమనండి. ఇవేవీ లేకుండా 'రాజధాని వస్తే రేటు రెట్టింపు' అన్న ఒక్క మాట మీద అయిదేళ్ల ఈఎంఐ నెత్తికెత్తుకోకండి. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నా సరే, ఇప్పుడు వద్దనే అంటాను. సొంతంగా ముప్పై శాతం డబ్బు చేతిలో ఉండి, మిగతాది బ్యాంకు ప్లాట్ లోన్‌గా ఇచ్చే రోజు మళ్లీ ఆలోచించండి. నాన్నగారితో గొడవ అక్కర్లేదు. 'బ్యాంకు ప్లాట్ లోన్ ఇస్తే చూద్దాం' అనండి చాలు. కాదని చెప్పే భారం బ్యాంకు మోస్తుంది.

మోకాలి మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. గెంతి దిగేటప్పుడు, ఉన్నట్టుండి దిశ మార్చేటప్పుడు తెగే ఏసీఎల్ అనే లిగమెంట్ గాయం మగవాళ్ల కంటే ఆడవాళ్లలో ఎక్కువ. ఆపరేషన్ తర్వాత కోర్టులోకి రావడానికి తొమ్మిది నెలల నుంచి ఏడాది పడుతుంది. మీకు రైల్వే ఆసుపత్రి ఉంది, జీతం ఆగదు. కానీ ఆ ఏడాది టోర్నమెంట్ డబ్బు ఉండదు, బయట ఫిజియో ఖర్చు మీదే. అందుకే మొట్టమొదట లక్షన్నర రూపాయలు ఎఫ్‌డీలో పెట్టుకోండి, మీ ఒక్కరి పేరు మీద. పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ తీసుకుంటే 'ప్రొఫెషనల్ క్రీడలకు వర్తించదు' అన్న షరతు ఉందేమో చూడండి. చాలా పాలసీల్లో ఉంటుంది. వృత్తి కాలమ్‌లో ఉత్త 'రైల్వే ఉద్యోగి' అని రాసి ఊరుకోకండి, ప్లేయర్ అని కూడా రాయండి. దాచితే క్లెయిమ్ రోజున బయటపడుతుంది.

అమ్మానాన్నల పేర్లు మీ రైల్వే మెడికల్ కార్డులో ఉన్నాయా? రూల్ కనుక్కోండి. లేకపోతే, మీ ఉద్యోగం వల్ల బియ్యం కార్డు కూడా పోయి ఉంటే, వాళ్లిద్దరికీ హెల్త్ పాలసీ ప్లాట్ కంటే ముందు రావాలి.

ఇప్పుడు అసలు పెట్టుబడి. రైల్వేలో పతకాలు తెచ్చిన ప్లేయర్లకు అదనపు ఇంక్రిమెంట్లు, వరస రాకముందే ప్రమోషన్ ఇచ్చే పాలసీ ఉంది. ఏ పోటీలో ఏ స్థానానికి ఏం వస్తుందో, సర్వీసు మొత్తంలో ఎన్నిసార్లు వస్తుందో పర్సనెల్ బ్రాంచ్‌లో (సిబ్బంది విభాగంలో) ఉత్తర్వు కాపీ అడిగి తీసుకోండి. సీనియర్ల నోటిమాట నమ్మకండి, పాలసీ మారుతూ ఉంటుంది. టోర్నమెంట్‌లో వచ్చిన 20 వేలు రెండు నెలల్లో అయిపోతాయి. ప్రమోషన్‌తో మారిన పే లెవెల్ రిటైరయ్యే దాకా డీఏని, హెచ్‌ఆర్‌ఏని, పెన్షన్‌ని పైకి లాక్కుంటూ వెళ్తుంది. నేషనల్స్‌కు ముందు నెల ఏదో ఊళ్లో క్యాష్ ప్రైజ్ టోర్నీకి వెళ్లి అలిసిపోవడం డబ్బు లెక్కలో చూసినా నష్టమే.

రెండో దారి, ఉద్యోగంలో ఉన్నవాళ్లకు ప్రమోషన్ కోసం పెట్టే డిపార్ట్‌మెంటల్ పరీక్షలు, అంటే ఎల్‌డీసీఈ. ప్లేయర్లు క్యాంపుల పేరు చెప్పి వీటిని వదిలేస్తారు. ముప్పై దాటాక, తమ కంటే వెనక చేరినవాళ్లు పై కుర్చీలో కూర్చున్నాక బాధపడతారు. డిగ్రీ లేకపోతే దూరవిద్యలో ఇప్పుడే కట్టండి. రైలు ప్రయాణాల్లో ఫోన్ చూసే టైమ్‌లో సగం చాలు. కోచింగ్ మీద ఇష్టముంటే పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ ఎన్‌ఐఎస్‌లో ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు నుంచి మొదలుపెట్టొచ్చు, తర్వాత డిప్లొమా. పెళ్లి, పిల్లలు అని ఇంట్లో ఆట మాన్పించబోతే ఒక్కటి గుర్తు చేయండి: మీ ఉద్యోగంలో 180 రోజుల ప్రసూతి సెలవు జీతంతో ఉంది. మానాలా, మళ్లీ ఆడాలా అన్నది డబ్బు తేల్చాల్సిన విషయం కాదు.

విదేశీ క్లబ్ గురించి. ముందుగా డబ్బు అడిగాడంటేనే వద్దని చెప్పేయండి. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా లైసెన్స్ ఉన్న ఏజెంట్ల జాబితా అందరూ చూడొచ్చు, అతని పేరు అందులో ఉందేమో వెతకండి. అసలు ఏజెంటు సంపాదించేది కుదిరిన కాంట్రాక్టులో కమీషన్. మన ఫెడరేషన్ నుంచి క్లియరెన్స్ లెటర్, ఆఫీసు నుంచి ఎన్‌ఓసీ లేకుండా అక్కడ అధికారికంగా ఆడలేరు కూడా. దారి లేదని కాదు. సదరన్ రైల్వే ప్లేయర్ గీతు అన్నా జోస్ ఆస్ట్రేలియాలో రింగ్‌వుడ్ హాక్స్‌కు ఆడారు. 2011లో అమెరికా వెళ్లి చికాగో స్కై, లాస్ ఏంజెలెస్ స్పార్క్స్, శాన్ ఆంటోనియో సిల్వర్ స్టార్స్ ట్రయల్స్ ఇచ్చారు. అక్కడ చోటు దక్కలేదు, 2014లో ఇక్కడ అర్జున అవార్డు దక్కింది. అలాంటి కబురు మీకూ వస్తే ఉద్యోగం వదలకుండా, సెలవు మంజూరు కాగితం చేతిలో పట్టుకుని వెళ్లండి.

నెల లెక్క ఇలా వేసుకోండి. ఇంటికి 15 వేలు, అద్దె, తిండికి 11 వేలు, ఆటకు 7 వేలు. మిగిలిన 11 వేలను ముందు ఆ లక్షన్నర ఎఫ్‌డీ నిండేదాకా అందులోనే వేయండి. ఆ తర్వాత అయిదు వేలు ఇండెక్స్ ఫండ్ (మార్కెట్ సూచీలోని షేర్లనే కొనే మ్యూచువల్ ఫండ్) సిప్‌లో, మిగతాది ఆర్‌డీలో. అయిదు వేల సిప్‌కు ఏటా 10 శాతం వస్తుందనుకుంటే పదేళ్లకు 10 లక్షల చిల్లర అవుతుంది. అంత రాకపోవచ్చు కూడా, మధ్యలో తగ్గిన ఏడాది చూసి భయపడి తీసేయకండి. టోర్నమెంట్ డబ్బును ఈ లెక్కలో కలపలేదు, కావాలనే. అది చదువుకు, కోర్సు ఫీజుకు. ఆదాయపు పన్ను రిటర్నులో మాత్రం చూపించండి. ఇంటికి పంపే మొత్తాన్ని జీతం పడిన రోజే ఆటోమేటిక్‌గా వెళ్లేలా పెట్టండి. జీతం అకౌంటు ఏటీఎం కార్డు మీ దగ్గరే ఉండాలి.

ఇక బాబాయిగారి పాలసీ. మీ జీతం ఏడాదికి ఆరు లక్షల లోపు. కొత్త పన్ను విధానంలో స్టాండర్డ్ డిడక్షన్‌తో కలిపి 12 లక్షల 75 వేల దాకా జీతం మీద పన్నే లేదు. లేని పన్నును మిగల్చడానికి 60 వేలు కడుతున్నారు. అమ్మానాన్నలు మీ మీద ఆధారపడ్డారు కాబట్టి బీమా కావాలి, కానీ దానికి 50 లక్షల టర్మ్ పాలసీ (మనిషి పోతేనే ఇంటివాళ్లకు డబ్బు వచ్చే బీమా) చాలు, మీ వయసుకు ప్రీమియం ఇందులో చిన్న భాగమే. బాండు పోయిన వారమే వచ్చిందన్నారు. పత్రం అందిన 30 రోజుల్లో పాలసీ వద్దని వెనక్కి ఇచ్చే హక్కు మీకుంది. స్టాంపు ఖర్చు, రోజుల లెక్కన రిస్కు ప్రీమియం, మెడికల్ టెస్టులు చేసి ఉంటే వాటి ఖర్చు పట్టుకుని మిగతాది తిరిగి ఇవ్వాలి. ఏజెంటు ద్వారా కాకుండా నేరుగా కంపెనీ బ్రాంచికి వెళ్లి, రాతపూర్వకంగా ఇచ్చి, తేదీ వేసిన రసీదు తీసుకోండి. బాబాయిగారికి ఆ సాయంత్రం మీరే ఫోన్ చేసి చెప్పండి, కంపెనీ నుంచి ఆయనకు తెలిసేకంటే అది మర్యాద.