అలాస్కా పాత టోపో షీట్‌ని నమ్ముకుని కీనై ఫ్యోర్డ్స్‌కి వెళ్లొచ్చా?

జులైలో కీనై ఫ్యోర్డ్స్ నేషనల్ పార్క్ పక్కనున్న సూవర్డ్ ఊరికి వెళ్తున్నామని, నెట్‌లో ఉచితంగా దొరికిన యూఎస్‌జీఎస్ (అమెరికా ప్రభుత్వ భూసర్వే సంస్థ) పాత టోపో షీట్, అంటే ఎత్తుపల్లాలు చూపే మ్యాప్, ఫోన్‌లో వేసుకున్నామని, అది చాలా అని అడిగారు. కొండలకైతే చాలావరకు పనికొస్తుందండీ. మంచుకీ ఒడ్డుకీ మాత్రం నమ్మకండి.

నేను నమ్మి తెల్లబోయాను. ఆ షీట్లలో కాంటూర్లు, అంటే ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీతలు, నేల మీద గోధుమరంగులో, గ్లేసియర్ (హిమానీనదం) మీద నీలంగా ఉంటాయి. ఎగ్జిట్ గ్లేసియర్ దగ్గర జీపీఎస్ చూస్తే నేను నీలం గీతల మధ్యలో ఉన్నాను. చుట్టూ ఏమో తలెత్తు ఆల్డర్ పొదలు, దోమలు! ఫోన్ పాడైందనుకుని రెండుసార్లు రీస్టార్ట్ చేశాను కూడా. ఇంకాస్త నడిచాక, ఏ ఏడాదికి మంచు ఎక్కడిదాకా ఉండేదో చెప్పే బోర్డు కనిపించింది. ఫోన్ బాగానే ఉంది. నా షీటే 1950ల నాటిది.

పైన హార్డింగ్ ఐస్‌ఫీల్డ్‌ది ఇంకో గొడవ. అది 700 చదరపు మైళ్ల మంచు. అప్పట్లో విమానంలోంచి తీసిన ఫోటోలు రెండేసి జతగా పెట్టి, రెండిట్లోనూ ఒకే రాయినో పగులునో పోల్చుకుని ఎత్తు లెక్కగట్టేవారు. అంతా తెల్లగా ఉంటే ఏం పోల్చుకుంటారు, పాపం? అందుకే అక్కడి గీతలు కొన్నిచోట్ల అందాజుగా వేసినవే.

స్కేలు అంగుళానికి మైలు, అంటే 1:63,360. పక్కపక్క కాంటూర్ల మధ్య ఎత్తు తేడా సాధారణంగా 100 అడుగులు. 80 అడుగుల నిలువు బండ రెండు గీతల మధ్య హాయిగా దాక్కుంటుంది. ఒడ్డు సంగతి సరేసరి. 1964 మార్చి 27న వచ్చిన 9.2 తీవ్రత భూకంపానికి ఈ తీరం అడుగుల కొద్దీ కుంగింది. పాత షీట్‌లో పచ్చగా అడవి ఉన్న కొన్నిచోట్ల ఇప్పుడు ఉప్పునీళ్లు తగిలి ఎండిన మోళ్లే ఉన్నాయి. టెంట్ వేసేముందు టైడ్ టేబుల్ (ఆటుపోట్ల పట్టిక) చూసుకోండి.

పాత షీట్‌కి బదులు 1:25,000 స్కేలులో వచ్చిన యూఎస్‌జీఎస్ కొత్త మ్యాప్, యూఎస్ టోపో, దించుకోండి, అదీ ఉచితమే. 2010 నుంచి విమానంలోంచి రాడార్‌తో ఎత్తులు కొలిచారు, మబ్బులున్నా పనిచేస్తుంది కాబట్టి. ఆ తీరంలో మబ్బు లేని రోజు కోసం కూర్చుంటే ఎప్పటికి తెమిలేది! అయినా గ్లేసియర్ అంచు కోసం ఈ ఏడాది శాటిలైట్ ఫోటో కూడా పక్కన పెట్టుకోండి.

బేర్ గ్లేసియర్ వైపు కయాక్ వేస్తుంటే, పాత షీట్ ఐసు చూపించే చోట ఇప్పుడు పెద్ద సరస్సు ఉంటుంది. అందులో తేలే మంచుగడ్డలు ఉన్నట్టుండి తిరగబడతాయి, ఫోటో కోసం దగ్గరికి వెళ్లకండి.