గొంతులో ముల్లు ఇరికితే అన్నంముద్ద మింగనియ్యకు

హనుమకొండ

బిడ్డా,

మృగశిర కార్తె వస్తున్నది, ఇంటింటా చేపలపులుసు ఉడుకుతది. రవ్వ, బొచ్చె కండలో సన్నటి ముళ్లుంటయి. కొస రెండుగా చీలి ఉంటది, నమిలేటప్పుడు నాలుకకు దొరకవు. పిల్లలకూ మీ అత్తమ్మకూ కొర్రమట్ట వండు, అందులో ఆ సన్నముళ్ల బాధ తక్కువ. అత్తమ్మ కట్టుడుపళ్ల ప్లేటు అంగిలిని కప్పుతది కాబట్టి ముల్లు తగిలినా ఆమెకు తెలవదు.

ముల్లు గుచ్చుకోగానే పక్కనున్నోళ్లంతా పెద్ద ముద్ద మింగుమంటరు, అరటిపండు మింగుమంటరు. ఆ పని మాత్రం చేయనియ్యకు. ముల్లు ఎక్కువసార్లు ఆగేది పైననే, టాన్సిల్స్ దగ్గరో నాలుక మొదట్లోనో. అక్కడుంటే చెవి ముక్కు గొంతు డాక్టర్ లైటు వేసి పట్టకారుతో నిమిషాల్లో తీస్తడు. ముద్దతో నూకితే అన్నవాహికలోకి దిగి గోడకు అడ్డంగా నాటుకుంటది. గుండె పైని పెద్ద రక్తనాళం అన్నవాహికకు ఆనుకొని పోయే చోట దారి ఇరుకు. అక్కడ చిల్లు పడితే ఛాతీలో చీము పడుతది, రక్తనాళానికి తగిలితే ప్రాణం మీదికొస్తది. నిమ్మరసం, వెనిగర్ తాగంగనే కిందికి జారిపోతయి, వాటితో ముల్లు కరగదు. వేలు పెట్టి కెలకొద్దు, వాంతి చేయించొద్దు.

దవాఖానకు పోయేదాకా ఏమీ తినొద్దు, తాగొద్దు. మత్తిచ్చి ఎండోస్కోపీ, అంటే గొంతులోకి కెమెరా గొట్టం దించి చూసుడు, చేయాల్సి రావచ్చు, ఆఖరి ముద్ద ఎప్పుడు తిన్నరో అడుగుతరు. పళ్లెంలో మిగిలిన అలాంటి ముల్లు ఒకటి కాగితంలో చుట్టి తీసుకపో, పొడుగెంతో డాక్టర్‌కు తెలుస్తది. మామూలు ఎక్స్‌రేలో చేపముల్లు చాలాసార్లు కనబడదు. ఎక్స్‌రే బాగుందన్నా నొప్పి అట్లనే ఉంటే సీటీ స్కాన్ సంగతి అడుగు.

ఉమ్మి మింగలేక కారుతున్నా, ఛాతీలో గానీ వీపులో గానీ నొప్పి లేచినా, జ్వరమొచ్చినా, నెత్తురు పడ్డా, మెడ ఉబ్బి నొక్కితే చేతికింద చిటపటమన్నా తెల్లారేదాకా ఆగకు. 108కి ఫోన్ చేసి వరంగల్ ఎంజీఎం దవాఖానకు తీసుకపో.

డాక్టర్ చూసి ముల్లు లేదన్నడు, మంట రోజురోజుకు తగ్గుతున్నదంటే అది గీరుకపోయిన నొప్పే. పొట్టలోకి దిగిన ముల్లు మామూలుగా దానంతటదే పోతది. కానీ వారం పది రోజులకు కుడిపక్క పొత్తికడుపు నొప్పి, జ్వరం వస్తే చేప తిన్న సంగతి తప్పక చెప్పు. పేగుకు గుచ్చుకున్న ముల్లు అచ్చం అపెండిక్స్ నొప్పిలెక్కనే ఉంటది.

పిల్ల గడియారాల్లో, ఆటబొమ్మల్లో ఉండే బిళ్ల బ్యాటరీ మింగితే మాత్రం ఒక్క నిమిషం కూడా ఆగొద్దు. రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోతది. నాణెమేమో అనిపించినా ఎక్స్‌రే తీయించు, బ్యాటరీ అయితే అంచున జంట గీత కనిపిస్తది. ఏడాది నిండి, మింగగలిగే పిల్ల అయితే దారిలో పది నిమిషాలకోసారి రెండు చిన్న చెంచాల తేనె నాకించు, ఆరుసార్లు దాటొద్దు. తేనె కోసం బండి ఆపకు.

మీ పెద్దమ్మ